విప్పడమూ ఒక విద్యే

మానవుడు చక్రాన్ని కనుగొన్న నాటి నుండి యంత్రం అతని శ్రమలో పాలుపంచుకుంటూనే ఉన్నది. ఎద్దులబండి సాగిన బాటలోనే నేడు మోటారుబండి సాగుతున్నది. బండిని నడపగలిగినవారు ఊరికి పదుల సంఖ్యలో ఉంటారు. నిలిచిపోయిన బండి అంతరంగాన్ని చదవగలిగినవారు మాత్రం కొద్దిమందే. యంత్రాన్ని విప్పి, అందులోని దోషాన్ని గుర్తించి, తిరిగి యథాస్థానంలో కూర్చడం ఒక విద్య. ఆ విద్యలోని ఒక ముఖ్యమైన ఘట్టాన్ని, అంటే పికప్ బండి ఇంజను నుండి సిలిండర్ హెడ్‌ను ఇంటి వద్దనే తొలగించే విధానాన్ని, ఈ పాఠంలో తెలుసుకుందాం.

హైదరాబాదుకు పడమటి దిక్కున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు చేరువగా జహీరాబాదు పట్టణం ఉన్నది. 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండిన ఈ పట్టణం ఆ సంవత్సరం నుండి సంగారెడ్డి జిల్లాలో భాగమైంది. పుణే నుండి మచిలీపట్నం వరకు సాగే 65వ జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. చెరకు, ఆలుగడ్డ, అల్లం ఇక్కడి పొలాల్లో విరివిగా పండుతాయి. మోటారు వాహనాల చరిత్రలో కూడ ఈ ఊరికి స్థానమున్నది. 1980వ దశకంలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ, జపాను దేశపు నిస్సాన్ సంస్థ సహకారంతో ఇక్కడ తేలికపాటి లారీల కర్మాగారాన్ని నెలకొల్పింది. తరువాతి కాలంలో అది మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. కర్మాగారంలో బండ్లు పుడుతుంటే, చుట్టుపక్కల పల్లెల్లో ఆ బండ్లే కుటుంబాలను పోషిస్తున్నాయి.

అలాంటి పల్లెలో ఒక చిన్న రైతు ఇంటిని ఊహించుకుందాం. అల్లం తవ్వే రోజులు. తవ్విన పంటను మార్కెట్టుకు చేర్చవలసిన పికప్ బండి దారిలో వేడెక్కి ఆగిపోయింది. బండి కొన్న అప్పు ఇంకా తీరలేదు. అది నిలిచిన ప్రతి దినమూ నష్టమే. మెకానిక్కు దగ్గర పనిచేసి కొంత పని నేర్చిన ఆ రైతు, ఇంజను హెడ్ తానే విప్పి చూడాలని నిశ్చయించుకొన్నాడు. ఇంటర్మీడియట్ చదువుతున్న అతని కూతురు ఒక నోటుపుస్తకం తీసుకొని పక్కన కూర్చున్నది. ఆ పుస్తకానికి ఈ పనిలో పానాలతో సమానమైన విలువ ఉన్నదని ముందు ముందు మనకు తెలుస్తుంది.

ఇంతకూ సిలిండర్ హెడ్ అంటే ఏమిటి? ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ కదలాడే గొట్టాలను సిలిండర్లు అంటారు. వాటిని ధరించి ఉండే భాగం బ్లాకు. ఆ సిలిండర్లన్నింటికీ పైన మూతవలె అమరిన బరువైన లోహపు దిమ్మె సిలిండర్ హెడ్. గాలిని లోపలికి రానిచ్చే వాల్వులు, పొగను బయటికి పంపే వాల్వులు, డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లు ఇందులోనే ఉంటాయి. హెడ్‌కూ బ్లాకుకూ నడుమ పలుచని పొర ఒకటి ఉంటుంది. దానినే హెడ్ గ్యాస్కెట్ అంటారు. మన వంటింటి ప్రెషర్ కుక్కరు మూతకు రబ్బరు వలయం చేసే మేలునే ఇంజనులో గ్యాస్కెట్ చేస్తుంది. అయితే కుక్కరు రబ్బరు ఆపవలసింది ఆవిరిని మాత్రమే. గ్యాస్కెట్ మండుతున్న వాయువునూ, చల్లబరిచే నీటినీ, కందెన నూనెనూ ఒకదానితో ఒకటి కలవకుండ ఏకకాలంలో వేరు చేసి ఉంచాలి.

ఈ మూత ఎంత బలాన్ని తట్టుకొంటున్నదో లెక్కించి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. గాలిని గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి చిమ్మిన ఇంధనం తనంతట తానే మండుతుంది. అలా మండిన క్షణంలో సిలిండరులోని పీడనం వంద వాతావరణ పీడనాలకు చేరిందనుకొందాం. నేటి ఇంజన్లలో అది అంతకు మించి కూడ ఉంటుంది. సిలిండరు వ్యాసం తొమ్మిది సెంటీమీటర్లయితే, హెడ్‌ను పైకి తోసే బలం ఆరు టన్నుల బరువుకు మించుతుంది. నిమిషానికి మూడువేల చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరులో సెకనుకు ఇరవై అయిదు సార్లు ఈ దెబ్బ తగులుతుంది. ఇంతటి బలాన్ని అణచిపెట్టి ఉంచేవి హెడ్ బోల్టులే.

గ్యాస్కెట్ చెడినప్పుడు ఇంజను కొన్ని సూచనలు చేస్తుంది. రేడియేటరులో నీరు కారణం తెలియకుండ తగ్గుతుంది. నీటిలో బుడగలు లేస్తాయి. పొగగొట్టం నుండి తెల్లని పొగ ఆగకుండ వస్తుంది. ఇంజన్ ఆయిల్ నీటితో కలిసి మజ్జిగ రంగుకు మారుతుంది. ఈ చివరి సూచన కనిపించిన తరువాత బండిని ఒక్క కిలోమీటరు కూడ నడపరాదు. నీరు కలిసిన నూనెకు కందెన గుణం తగ్గుతుంది. ఫలితంగా బేరింగులు అరిగి, క్రాంక్ షాఫ్టు వరకు నష్టం పాకుతుంది. గ్యాస్కెటుతో తీరవలసిన ఖర్చు ఇంజను మొత్తానికి విస్తరిస్తుంది. అయితే బండి వేడెక్కినంత మాత్రాన హెడ్ విప్పవలసిన పని లేదు. పగిలిన రబ్బరు గొట్టమో, తెగిన ఫ్యాన్ బెల్టో, మూసుకుపోయిన థర్మోస్టాటో కారణం కావచ్చు. వాటిని ముందుగా పరీక్షించాలి. హెడ్ విప్పడం చివరి మార్గమని గుర్తుంచుకోవాలి.

పనికి పూనుకొనే ముందు బండిని చదునైన నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుగా రాళ్లు పెట్టాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి. ఇందుకు రెండు కారణాలున్నాయి. వేడి ఇంజను రేడియేటరు మూత తీస్తే, పీడనంలో ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖంపైకి చిమ్ముతుంది. వేడి మీద ఉన్న హెడ్ బోల్టులు విప్పితే, వ్యాకోచించి ఉన్న లోహం వంకరపోతుంది. మన పెద్దలు ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కించి, నీళ్లు పోసి బిగించేవారు. వేడికి లోహం సాగుతుందనీ, చల్లబడితే ముడుచుకుంటుందనీ వారికి అనుభవపూర్వకంగా తెలుసు. అర మీటరు పొడవున్న అల్యూమినియం హెడ్ అరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.7 మిల్లీమీటర్లు సాగుతుంది. పోత ఇనుప బ్లాకు అందులో సగం మాత్రమే సాగుతుంది. ఆ తేడాను రోజూ భరించేది నడుమనున్న గ్యాస్కెటే.

తరువాత బ్యాటరీ నెగిటివ్ తీగను విడదీయాలి. రేడియేటరు నీటినీ, ఇంజన్ ఆయిల్‌నూ వేర్వేరు పాత్రలలోకి దించాలి. కూలెంటులో కలిసే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు, పశువులకు అందేచోట దానిని ఉంచరాదు. వాడిన నూనెను బావి గట్టునో, కాలువలోనో పారబోయడం తగదు. మూత బిగించి, పాత నూనెను సేకరించేవారికి అప్పగించాలి.

ఇక హెడ్‌కు అంటిపెట్టుకొన్న భాగాలను ఒక్కొక్కటిగా వేరు చేయాలి. గాలి గొట్టాలు, పొగను మోసే మానిఫోల్డు, నీటి గొట్టాలు, డీజిల్ పైపులు, విద్యుత్ తీగలు వరుసగా ఊడివస్తాయి. కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ వెయ్యి వాతావరణ పీడనాలను మించిన ఒత్తిడిలో ఉంటుంది. అందువల్ల ఇంజను ఆపి, మార్గదర్శిని చెప్పినంత సమయం గడిచిన తరువాతనే ఆ పైపులపై చేయి వేయాలి. సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. విప్పిన ప్రతి రంధ్రాన్నీ శుభ్రమైన గుడ్డతో కాని, మూతతో కాని మూయాలి. కంటికి కనిపించని ఇసుకరేణువు ఇంజెక్టరును పాడుచేయడానికి చాలు.

ఇక్కడే నోటుపుస్తకం విలువ బయటపడుతుంది.

“ఏ బోల్టు యాడిదో రాస్తున్నవా, బిడ్డా?”

“రాస్తున్న నాయినా, బొమ్మ గూడ గీసిన.”

చూడటానికి ఒకే తీరుగా ఉన్న బోల్టుల పొడవులో తేడా ఉంటుంది. పొడవు బోల్టును పొట్టి బోల్టు చోట బిగిస్తే రంధ్రం అడుగు పగులుతుంది. ఆ అమ్మాయి ఒక అట్టముక్కకు రంధ్రాలు చేసి, వాటికి అంకెలు వేసి, బోల్టులను వాటిలో గుచ్చింది. పుష్‌రాడ్లు ఉన్న ఇంజనులో వాటిని కూడ అదే విధంగా వరుస చెడకుండ నిలపాలి. ఏళ్ల తరబడి కలిసి అరిగిన భాగాలు తమ జోడీతోనే సరిగా అమరుతాయి. టైమింగ్ బెల్టు లేదా గొలుసు విప్పే ముందు, క్రాంక్ షాఫ్టును మార్గదర్శిని సూచించిన స్థానానికి తిప్పి, గుర్తులు సరిచూసుకోవాలి. ఈ గుర్తు ఒక్క పన్ను తప్పినా కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లను ఢీకొంటాయి.

అన్నీ తొలగిన తరువాత హెడ్ బోల్టుల వంతు వస్తుంది. వీటిని తోచిన వరుసలో విప్పరాదు. బిగించేటప్పుడు నడుమ నుండి అంచులకు సాగుతారు. విప్పేటప్పుడు అంచుల నుండి నడుమకు రావాలి. మొదటి చుట్టులో ప్రతి బోల్టునూ కొద్దిగా మాత్రమే వదులు చేసి, రెండవ చుట్టులో మరికొంత వదులు చేసి, మూడవ చుట్టులో పూర్తిగా తీయాలి. టన్నుల బలం ఒకచోట తొలగి మరొకచోట నిలిచి ఉంటే హెడ్ వంగుతుంది. బలాన్ని కలిగించడంలో వలెనే తొలగించడంలోనూ సమత్వం ఉండాలి.

బోల్టులన్నీ తీసినా హెడ్ కదలకపోవచ్చు. ఏళ్ల నాటి గ్యాస్కెట్ దానిని పట్టి ఉంచుతుంది. అప్పుడు తొందరపడి అతుకులో స్క్రూడ్రైవరు దూర్చి పెకలించరాదు. ఆ గీత గుండా రేపు వాయువు తప్పించుకొంటుంది. ముందుగా బోల్టు ఏదైనా మిగిలిందేమో పుస్తకంలో లెక్క చూడాలి. తరువాత చెక్క సుత్తితో పక్కల మెల్లగా తట్టాలి. పోత ఇనుప హెడ్ ఒక్కరు ఎత్తదగిన బరువు కాదు. ఇద్దరు కలిసి, లేదా గొలుసు కప్పీ సాయంతో, నిటారుగా పైకి లేపాలి. దించేటప్పుడు ముఖం నేలకు ఆనకుండ చెక్క దిమ్మెలపై పక్కకు ఉంచాలి. కింది వైపు పొడుచుకువచ్చిన ఇంజెక్టరు మొనలు విరిగే ప్రమాదమున్నది.

ఇప్పుడు దోషం కంటికి కనిపిస్తుంది. గ్యాస్కెటుపై రెండు రంధ్రాల నడుమ కాలి నల్లబడిన చార ఉంటే వాయువు ఆ దారినే పోయిందని అర్థం. హెడ్ ముఖాన్ని శుభ్రం చేసి, దానిపై నిక్కమైన ఉక్కు బద్దను పొడవునా, అడ్డంగా, ఐమూలగా ఉంచి, సందులో ఫీలర్ గేజి రేకులను దూర్చి చూడాలి. సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతు వంకర కూడ సహించరానిదే. వంకర ఉన్నా, పగులు ఉన్నట్లు అనుమానం కలిగినా హెడ్‌ను యంత్రశాలకు పంపాలి. కొన్ని డీజిల్ హెడ్లను చెక్కి చదును చేయడానికి వీలుండదు. ఆ సంగతిని తయారీదారు మార్గదర్శినిలో చూసి తెలుసుకోవాలి. ఇంటి పనికి హద్దు ఎక్కడున్నదో తెలియడం కూడ పనితనంలో భాగమే.

తిరిగి కూర్చేటప్పుడు కొత్త గ్యాస్కెటు వేయాలి. బిగించినప్పుడు సాగే రకం బోల్టులైతే అవి కూడ కొత్తవే కావాలి. బ్లాకులోని బోల్టు రంధ్రాల్లో నీరు, నూనె నిలువ లేకుండ తుడవాలి. అడుగు మూసుకొన్న రంధ్రంలో ద్రవం నిలిచి ఉంటే, బోల్టు దిగేకొద్దీ అది పోవడానికి దారిలేక బ్లాకునే పగులగొడుతుంది. బిగింపును చేతి అంచనాకు వదలక టార్క్ పానాతో కొలిచి, నిర్ణీత వరుసలో, దశలవారీగా పూర్తి చేయాలి.

ఆనాటి సాయంకాలం ఆ తండ్రి హెడ్‌ను గోనెపట్టాలో చుట్టి యంత్రశాలకు పంపించాడు. అది తిరిగివచ్చిన రోజున నోటుపుస్తకం మళ్లీ తెరుచుకున్నది. ఈసారి ఆ అమ్మాయి దానిని చివరి పుట నుండి మొదటి పుటకు చదివింది. ఆమె చదివిన వరుసలో తండ్రి భాగాలను బిగించాడు. చివరకు అట్టముక్కపై ఒక్క బోల్టు కూడ మిగలలేదు. ఆ ఖాళీ అట్టను చూసిన తరువాతనే ఆయన బ్యాటరీ తీగ కలిపాడు.

కళాశాలలో చదివే వ్యాకోచం, పీడనం, ఘర్షణ పుస్తకానికే పరిమితమైన మాటలు కావు. ఒక కుటుంబపు అల్లం పంట సకాలంలో మార్కెట్టుకు చేరడం వాటిపైనే ఆధారపడి ఉండవచ్చు. చేతికి మసి అంటడం చిన్నతనం కాదు. ఏ భాగాన్ని ఎందుకు విప్పుతున్నామో, దానిని తిరిగి ఎక్కడ చేర్చాలో ఎరిగి చేసే పనిలో చదువూ శ్రమా ఒక్కటవుతాయి.