జీపుకి యాంటెన్నా ఎక్కడ పెడితే మాట కొండ దాటుతుంది?

రోలుగుంట దాటి కొండల వైపు బండి తిప్పితే, కాసేపటికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమైపోతాయి. వెనకాల వస్తున్న జీపు బురదలో దిగబడిందా, టైరు పంక్చరయిందా... ఏమీ తెలీదు. రోడ్డు లేని గూడేల నుంచి రోగుల్ని ఇప్పటికీ డోలీలో మోసుకొచ్చే మన్యం అంచు ఇది. ఇక్కడ కబురు ఒక గంట ముందు కిందికి చేరడమంటే చిన్న విషయం కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఊపేసినప్పుడు టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయాయి. అప్పుడు కబుర్లు మోసింది హ్యామ్ రేడియో వాళ్లే. ఆ సెట్టునే జీపులో పెట్టుకుని కొండెక్కే కుర్రాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. వచ్చిన చిక్కల్లా ఒకటే. సెట్టుకి వేలు పోస్తారు, యాంటెన్నాని మాత్రం ఖాళీ దొరికిన చోట బిగించేస్తారు!

హ్యామ్‌లు ఎక్కువగా వాడే 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 2 మీటర్లు. అందులో పావు వంతు, అంటే సుమారు అర మీటరు కడ్డీ చాలు. అదే 27 మెగాహెర్ట్జ్ సీబీ సెట్టుకైతే పావు వంతే 2.75 మీటర్లు. జీడితోటల్లో అది కొమ్మకి తగలకుండా ఎలా ఉంటుంది? అందుకే దానికి చుట్ట చుట్టిన పొట్టి కడ్డీలు వాడతారు. పొట్టిదయ్యే కొద్దీ రేంజ్ కొంత తగ్గుతుంది, తప్పదు.

పావు వంతు కడ్డీకి కింద ఇనుప రేకు కావాలి. యాంటెన్నాలో రెండో సగం ఆ రేకే. కాబట్టి టాపు మధ్యలో పెట్టడమే మేలు. అయస్కాంతం బేస్ అయితే కింద ఇసుక లేకుండా తుడవండి, లేకపోతే పెయింట్ గీసుకుపోతుంది. బట్ట టాపు థార్‌కి అయస్కాంతం అంటదు కదా. దానికి బానెట్ అంచున క్లాంపు బిగించాలి, లేదా రేకు అవసరం లేని అర తరంగం యాంటెన్నా కొనాలి. బంపర్ మీద పెడితే బండి బాడీయే అడ్డం. బుల్‌బార్‌కి బిగిద్దామంటారా? వాటిని 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది.

షాపువాడు 'ఎక్కువ గెయిన్' అంటూ పొడుగాటిది అంటగడతాడు. మైదానంలో అది బాగానే పనిచేస్తుంది. లోయలో మాత్రం సిగ్నల్‌ని నేలబారుగా తోసి కొండకే కొడుతుంది. నన్నడిగితే ఇక్కడికి స్ప్రింగ్ బేస్ ఉన్న పావు వంతు కడ్డీయే నయం. అయినా మధ్యలో నిండు కొండ ఉంటే ఏ యాంటెన్నా గట్టెక్కించదు. ఒక బండి గట్టు మీద ఆగి అటు మాట ఇటు చెప్పాల్సిందే.

కేబుల్‌ని తలుపు సందులో నలగనివ్వొద్దు, కనెక్టర్‌లోకి వాన నీళ్లు దిగనివ్వొద్దు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూస్తే 1.5 లోపు ఉండాలి. 3 దాటితే బటన్ నొక్కకండి, సెట్టు కాలిపోవచ్చు.

ఇంకోటి, హ్యామ్ సెట్టుకి లైసెన్సు తప్పనిసరి. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. పాసై లైసెన్సు తీసుకుంటే వీయూ3తోనో, పై గ్రేడయితే వీయూ2తోనో మొదలయ్యే కాల్‌సైన్ మీ సొంతం.

కొండెక్కే ముందు రోలుగుంటలోనే టీ తాగుతూ రెండు బండ్ల మధ్య ఒకసారి మాట్లాడి చూసుకోండి. పైకెళ్లాక కనెక్టర్ వదులైందని తెలిస్తే బిగించడానికి పానా కూడా దొరకదు.