నెర్డ్‌ ఎవరు.. జాక్‌ ఎవరు?

ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరుంటారు. రికార్డులన్నీ ముందే రాసేసి అందరికీ అప్పిచ్చే ‘పుస్తకాల పురుగు’ ఒకరు. గ్రౌండ్‌లో తప్ప క్లాసులో కనిపించని ‘స్పోర్ట్స్‌ బ్యాచ్‌’ ఇంకొకరు. అమెరికా క్యాంపస్‌లలో మొదటివాళ్లని నెర్డ్‌ అంటారు, రెండోవాళ్లని జాక్‌ అంటారు. ఎమ్మెస్‌కి వెళ్లిన మీ సీనియర్లని అడగండి, చెబుతారు. ఈ ముద్రలు అక్కడ కాలేజీ గేటు దగ్గరే ఆగిపోలేదు. అధ్యక్ష ఎన్నికల దాకా వెళ్లాయి.

2000 సంవత్సరం ఎన్నికలే తీసుకోండి. అల్‌ గోర్‌ అంటే పాఠం చెప్పే మాస్టారు, మనిషి కర్రలా బిగుసుకుపోయి ఉంటారని జోకులు. జార్జ్‌ డబ్ల్యూ బుష్‌ అంటే సరదా మనిషి, చదువు అంతంత మాత్రమేనని పేరు. ఇప్పుడు ఇద్దరి రెజ్యుమెలూ పక్కపక్కన పెట్టండి. స్కూల్లో ఫుట్‌బాల్‌ టీమ్‌ కెప్టెన్‌ గోర్‌. బుష్‌ తన స్కూల్లో చీర్‌లీడర్ల బృందానికి లీడర్‌. హార్వర్డ్‌లో ఎంబీఏ చేసింది బుష్‌. గోర్‌ది హార్వర్డ్‌ డిగ్రీయే గానీ, తర్వాత చేరిన లా కోర్సు మధ్యలోనే వదిలేశారు. పేర్లు దాచి ఈ రెండు కాగితాలూ చేతికిస్తే, ఏది ఎవరిదో మనలో ఎంతమందిమి సరిగ్గా చెప్పగలం?

అంతకుముందు 1952లోనూ ఇదే కథ. మేధావి అన్న ముద్రతో ఆడ్లాయ్‌ స్టీవెన్సన్‌ని ‘ఎగ్‌హెడ్‌’ అన్నారు. బట్టతల కూడా ఆ పేరుకి కలిసొచ్చింది. ఆయన మీద గెలిచింది సైన్యాధికారి ఐసెన్‌హోవర్‌. అయితే హార్వర్డ్‌ లా స్కూల్‌లో సబ్జెక్టులు తప్పి బయటికొచ్చింది ఎగ్‌హెడ్‌ గారే. ఐసెన్‌హోవర్‌ 1926లో ఆర్మీ స్టాఫ్‌ కాలేజీలో క్లాస్‌ ఫస్ట్‌. ఎన్నికలకు ముందు కొలంబియా యూనివర్సిటీకి అధ్యక్షుడిగానూ పనిచేశారు.

అన్నిటికన్నా అన్యాయం జరిగింది మాత్రం జెరాల్డ్‌ ఫోర్డ్‌కి. మిచిగాన్‌ యూనివర్సిటీ ఫుట్‌బాల్‌ జట్టులో ఆడారు. 1934లో ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్‌. అయినా అత్యంత విలువైన ఆటగాడిగా తోటివాళ్లు ఆయన్నే ఎన్నుకున్నారు. రెండు ప్రొఫెషనల్‌ జట్లు రమ్మన్నాయి. ఆయన మాత్రం యేల్‌ యూనివర్సిటీలో కోచ్‌గా చేరి, అక్కడే లా చదవాలనుకున్నారు. ఫుల్‌టైమ్‌ కోచింగ్‌ చేస్తూ చదువెలా సాగుతుందని లా స్కూల్‌ మొదట ఒప్పుకోలేదు. చివరికి 1938లో సీటిచ్చింది. ఆయన కోచింగ్‌ మానలేదు, 1941లో డిగ్రీ తీసుకునేసరికి తరగతిలో మొదటి మూడోవంతులో ఉన్నారు.

ఇదంతా ఎవరికి గుర్తుంది? 1975లో ఆస్ట్రియాలో వాన పడుతుంటే విమానం మెట్ల మీద కాలు జారింది. అదే ఏడాది ఒక టీవీ కామెడీ షోలో ఫోర్డ్‌ వేషం కట్టిన నటుడు తడబడి పడిపోవడం మొదలుపెట్టాడు. దాంతో మంచి క్రీడాకారుడైన అధ్యక్షుడికి నడవడం కూడా రాదన్న పేరొచ్చింది! పైగా బుర్ర తక్కువన్న మాట ఒకటి. 1976లో ఆయన ఈ జోకుల వల్లే ఓడిపోయారంటే తప్పే. నిక్సన్‌కి క్షమాభిక్ష పెట్టడం, ధరలు.. ఇలా పెద్ద కారణాలే ఉన్నాయి. కానీ జోకులు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఇక మన ఇంటర్వ్యూ గది. ప్యానెల్‌కి ఉండేది కొద్ది నిమిషాలు. రెజ్యుమెలో ఒక లైను చూసి మిగతా మనిషిని ఊహించుకోవడం వాళ్లకీ తేలికే. యూనివర్సిటీ కబడ్డీ ప్లేయర్‌ అని ఉంటే ‘సబ్జెక్ట్‌ వీక్‌ ఏమో’ అనుకోవచ్చు. అలాంటివాళ్లు ఫైనలియర్‌ ప్రాజెక్టులో తాము స్వయంగా చేసిన భాగాన్ని, అది ఎక్కడ ఆగిపోయిందో, ఎలా సరిచేశారో చెప్పగలిగేలా సిద్ధపడాలి. టోర్నమెంట్‌ రోజుల్లో చదువు ఎలా నెట్టుకొచ్చారని అడిగితే నొచ్చుకోకండి. ఫోర్డ్‌కీ యేల్‌లో ఎదురైంది ఆ ప్రశ్నే.

9.4 సీజీపీఏ ఉన్న అమ్మాయికి ఎదురయ్యే అనుమానం ఇంకోటి: ‘నలుగురితో కలుస్తావా?’ ‘కలుస్తాను సర్‌’ అంటే చాలదు. కాలేజీ ఫెస్ట్‌ ముందురోజు రాత్రి జనరేటర్‌ రాకపోతే మీరు ఎవరెవరికి ఫోన్‌ చేశారో, ఎవరిని ఎలా ఒప్పించారో, తెల్లారేసరికి లైట్లు ఎలా వెలిగాయో చెప్పండి.