నానో ఫిల్టరు: హెచ్చు ధర ఎక్కడ గిట్టుబాటు?

హిందూపురం మిరప, చింతపండు వర్తకులకు దుమ్ము కొత్త కాదు. వేరుశనగ మిల్లులోనూ, ధర్మవరం వెళ్లే లారీలోనూ ఆ దుమ్మే చివరకు ఎయిర్ ఫిల్టరుకు చేరుతుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక వాహనాల విడిభాగాలు కూడా ఈ ప్రాంతపు వ్యాపార లెక్కల్లోకి వచ్చాయి. 'నానో' అన్న ముద్ర ఉన్న ఫిల్టరుకు ధర హెచ్చు. ఆ హెచ్చు దేనికో తెలియకుండా సరుకు నిల్వ పెట్టుకుంటే నష్టం వర్తకుడిదే.

ధర్మవరం పట్టు వర్తకులకు ఇది సులువుగా బోధపడుతుంది. పట్టుగూడు నుంచి వచ్చే ఒంటి పోగు లావు పది మైక్రాన్లకు పైమాటే. నానో పోగు అందులో ముప్పయ్యో వంతు ఉండవచ్చు. నైలాన్ వంటి పదార్థాన్ని కరిగించి, వేల వోల్టుల విద్యుత్తుతో లాగి దీన్ని తీస్తారు. విద్య పాతదే. 1930వ దశకం చివరలోనే సోవియట్ యూనియన్‌లో విషవాయు ముసుగులకు ఇలాంటి పోగులు వాడారు.

ఫిల్టరంతా నానో పోగే అనుకోరాదు. మామూలు కాగితం మీద పరిచిన పలుచని పొర అది. చదరపు మీటరుకు ఒక గ్రాము కూడా తూగకపోవచ్చు. ఉత్త కాగితంలో దుమ్ము లోతుకు దిగి కూరుకుపోతుంది, దులిపినా పూర్తిగా రాదు. నానో పొర దుమ్మును పైనే ఆపుతుంది. కంప్రెసర్ గాలిని లోపలి నుంచి ఎదురు కొట్టి శుభ్రం చేసే మిల్లు ఫిల్టర్లలో ఆ దుమ్ము ఇట్టే రాలుతుంది, ఫ్యానుకు భారం తగ్గుతుంది. పోగు మరీ సన్నం గనుక గాలి దాని పక్కగా జారిపోతుంది. దుమ్మును ఆపే శక్తి పెరిగినంతగా గాలికి అడ్డు పెరగదు.

లారీ ఫిల్టరులో లాభం వేరు. కొత్త కాగితం ఫిల్టరు మొదట్లో సన్న దుమ్మును ఎక్కువగా వదులుతుంది. పైన కొంత దుమ్ము పేరుకున్నాకే గట్టిగా ఆపుతుంది. నానో పొర మొదటి రోజు నుంచే ఆపుతుంది. అయితే పొర బహు నాజూకు. విప్పి నేలకేసి కొట్టే అలవాటున్న చోట అది చిరిగి, పెట్టిన డబ్బు దండగవుతుంది. నూనె పొగ ఉన్న షెడ్లలోనూ అంతే, పై పొర త్వరగా మూసుకుపోతుంది.

కంటికి తేడా తెలియని సరుకు కాబట్టి ముద్రను నమ్మి బేరం కుదుర్చుకోరాదు. ఇంజను ఫిల్టరుకు ఐ.ఎస్.ఓ. 5011, గదులకు గాలినిచ్చే ఫిల్టరుకు ఐ.ఎస్.ఓ. 16890 పరీక్ష రిపోర్టు అడగాలి. మొదట గాలికి ఎంత అడ్డు, ఎంత శాతం దుమ్ము ఆగింది అన్నవి అందులో ఉంటాయి. అదే కొలతలో ఉత్త కాగితం ఫిల్టరు రిపోర్టును పక్కన పెట్టి చూసుకుంటే, ఎంత హెచ్చు ఇవ్వవచ్చో తేలుతుంది.