పుట్టిన తేదీ, పిన్‌కోడ్ చాలు

“చీరలమ్మే యాప్ ఒకటి నా పేరు అడగలేదు. పుట్టిన తేదీ, పిన్‌కోడ్, ఆడా మగా అన్నవే అడిగింది. పేరే ఇవ్వనప్పుడు నేనెవరో వాళ్లకెలా తెలుస్తుంది?” అని ఒక పాఠకురాలు రాశారు. తెలుస్తుందమ్మా. దానికి హ్యాకింగ్ అక్కర్లేదు, లెక్క చాలు. ఆ లెక్క ఎంత అందమైనదో అంత భయపెట్టేది కూడా.

ఏడాదికి 365 తేదీలు. వయసులు ఎనభై ఏళ్ల మేర పరుచుకుని ఉంటాయనుకుందాం. ఆడ, మగ అని రెండుగా విడదీస్తే మొత్తం 58,400 గళ్లు. ప్రతి మనిషీ ఏదో ఒక గడిలో పడాల్సిందే. అమెరికాలో మన పిన్‌కోడ్ లాంటి ఒక జిప్ కోడ్ కింద పదివేల మంది ఉన్నారనుకోండి. గళ్లేమో యాభై ఎనిమిది వేలు. ఎటుపడితే అటు చెదిరిపడితే నూటికి 84 మంది తమ గడిలో ఒంటరిగా మిగులుతారు. గడి తెలిస్తే మనిషి దొరికినట్టే.

లటాన్యా స్వీనీ దీన్ని 1990లలోనే నిరూపించారు. మసాచుసెట్స్ ప్రభుత్వోద్యోగుల బీమా సంస్థ వైద్య రికార్డుల్లోంచి పేర్లు తీసేసి పరిశోధకులకిచ్చింది. ఎవరి గుట్టూ బయటపడదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చారు. అప్పట్లో ఎంఐటీ విద్యార్థిని అయిన స్వీనీ 20 డాలర్లిచ్చి కేంబ్రిడ్జి ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నర్‌తో ఒకే తేదీన పుట్టినవాళ్లు అందులో ఆరుగురు. మగవాళ్లు ముగ్గురు. ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఆయనొక్కరే! అంతే, ఆయన వైద్య రికార్డు ఆమె చేతికొచ్చింది. పేర్లు చెరిపినవాళ్లు తమ జాబితానే చూసుకున్నారు. పక్కనే పేర్లున్న మరో జాబితా ఉంటుందని, రెండింటినీ కలపవచ్చని ఆలోచించలేదు.

ఈ మూడు వివరాలతో అమెరికన్లలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని స్వీనీ లెక్కగట్టారు. 2006లో ఫిలిప్ గోల్ అనే పరిశోధకుడు మళ్లీ లెక్కవేస్తే 63 శాతమే వచ్చింది. తగ్గిందని ఊరటపడేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. పదిమందిలో ఆరుగురు దొరికిపోవడం చిన్న సంగతా?

మరి మన సంగతి? నూట నలభై కోట్ల మందికి సుమారు 19,000 పిన్‌కోడ్‌లు, అంటే ఒక్కోదాని కింద సగటున 73,000 మంది. గళ్ల కంటే మనుషులే ఎక్కువ కాబట్టి అందరూ గుంపులో కలిసిపోతారనిపిస్తుంది. కలవరు! నూటికి 28 మందికి పైగా అప్పటికీ ఒంటరే. మరో 36 మంది గడిలో తోడున్నది ఒక్కరే. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన జూన్, జులై తేదీలతో బతుకుతున్న పెద్దవాళ్లకు మాత్రం కాస్త గుంపు దొరుకుతుంది. ఆసుపత్రిలో పుట్టి, అసలు తేదీతో సర్టిఫికెట్ పొందిన పిల్లలకు అదీ లేదు. దీనికి ఫోన్ మోడల్ ఒక్కటి తోడైతే ఆ మిగిలిన జతలూ చాలావరకు విడిపోతాయి.

చీర కొనడానికి పుట్టిన తేదీ ఎందుకసలు? వయసు తెలియాలంటే సంవత్సరం చాలు. అప్పుడు గళ్లు 160కి పడిపోతాయి, సగటున ఒక్కో గడిలో 450 మందికి పైగా ఉంటారు. చెప్పిన పనికి అవసరమైన సమాచారం వరకే సమ్మతి వర్తిస్తుందని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. అయినా ఫారంలో రోజు, నెల నింపనిదే ముందుకెళ్లే బటన్ వెలగదు.