కోరస్‌కు ముందు కావలసింది చెవి

ఆపెరా కోరస్ అంటే మనకు అందని విద్య అనుకుంటాం. కానీ హైదరాబాద్ ఆబిడ్స్ చర్చిల్లో క్రిస్మస్ వచ్చిందంటే నాలుగు స్థాయిల గొంతులు కలిపి పాడటం మామూలే. అక్కడికి కాస్త దూరంలో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం సంగీతాన్నీ రంగస్థలాన్నీ ఒకే ఆవరణలో బోధించింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో పుట్టిన సురభి నాటకాలు కూడా ఆ తోటలో ఆడినవే. పాటతో కథ నడపడం మనకు కొత్తేమీ కాదు. నలభై మంది విద్యార్థులు ఏ ఒక్కరి గొంతూ విడిగా వినపడకుండా పాడటమే కొత్త. దానికి మంచి గొంతులు ఏరుకుంటే చాలని చాలామంది నమ్మకం. ధ్వనిశాస్త్రం చూపేది వేరు: ఇందులో ముందు తయారు కావలసింది చెవి.

పదిమంది కలిసి పాడితే పదిరెట్లు బిగ్గరగా వినిపించదు. గొంతులు ఎంత కలిసినా వాటి ధ్వనితరంగాలు అడుగులో అడుగు వేసి నడవవు. అందుకే శక్తి పదిరెట్లయినా పెరిగేది 10 డెసిబెల్సే, అంటే మన చెవికి దాదాపు రెట్టింపు. నలభై మందికి 16 డెసిబెల్స్, సుమారు మూడు రెట్లు. కోరస్ ఘనత బిగ్గరలో లేదు. స్వరాల్లో, ఎత్తుగడల్లో ఉండే అతిసూక్ష్మమైన తేడాలు ఒకదానిలో ఒకటి కరిగి వెడల్పైన నాదం అవుతాయి. ఆ తేడాలు హద్దు మీరితే మాత్రం అది గోల.

హద్దు మీరడానికి కారణం చాలాసార్లు గొంతు కాదు, వినపడకపోవడం. సాయంత్రం ఆబిడ్స్ చౌరస్తాలో ఫోన్ మాట్లాడేవాళ్ళను గమనించండి. బస్సు హారన్ కొట్టగానే తమకు తెలియకుండానే గొంతు పెంచుతారు. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో వివరించిన ఈ ప్రతిచర్య పాడేటప్పుడూ పనిచేస్తుంది. పక్కవాడి హోరులో తన స్వరం దొరకనివాడు అరుస్తాడు, వాడి పక్కవాడు ఇంకాస్త అరుస్తాడు. స్టాక్‌హోంలో పరిశోధకుడు స్టెన్ టెర్న్‌స్ట్రోమ్ జరిపిన ప్రయోగాల్లో గాయకులు సగటున తమ గొంతు మిగతా బృందం కంటే 6 డెసిబెల్స్ ఎక్కువగా వినపడాలని కోరుకున్నారు. కాబట్టి విద్యార్థులను భుజాలు రాసుకునేలా నిలబెట్టే అలవాటు మానుకోవాలి. మధ్యలో ఓ మూర ఎడం వదిలితే ఎవరి గొంతు వారికి చిక్కుతుంది.

ఇరవై ఏళ్ళకు చెవి వంగుతుందా అన్నది మొదటి అభ్యంతరం. మగపిల్లల గొంతు మారే దశ కాలేజీ నాటికి దాటిపోతుంది, కాబట్టి గొంతు సంగతికొస్తే ఇది అనువైన వయసే. చెవి విషయానికొస్తే, ఫోర్డ్రెషర్, బ్రౌన్ 2007లో ప్రచురించిన పరిశోధన చూడాలి. అపశ్రుతి పలికేవారిలో చాలామంది స్వరభేదాన్ని సరిగానే గుర్తుపట్టారు. విన్నదాన్ని గొంతుకు అందించే చోటే వాళ్ళకు తడబాటు. అలాంటి తడబాటును సాధనతో సరిచేసుకునే వీలుంది. ‘శ్రుతిజ్ఞానం లేదు’ అని పిల్లల్ని తోసిపుచ్చే పెద్దలు ఈ తేడా పట్టించుకుంటే బాగుండు.

రెండోది సంగీతం మాస్టార్ల భయం: గుంపులో పాడితే సోలో గొంతు చెడుతుందని. ఆర్కెస్ట్రా శక్తి 500 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ. అందుకని ఆపెరా గాయకుడు తన నాదాన్ని 3000 హెర్ట్జ్ ప్రాంతంలో పోగుచేసి దానిపై నుంచి వినిపిస్తాడు. రాసింగ్, సుండ్‌బెర్గ్, టెర్న్‌స్ట్రోమ్ 1986లో ప్రచురించిన పోలికలో, అదే గాయకులు బృందంలో పాడినప్పుడు ఆ మెరుపును తగ్గించారు. అంటే రెండూ వేర్వేరు వాడుకలు, ఒకే గొంతు రెండూ నేర్వగలదు. అయితే లొంబార్ ప్రతిచర్యకు లొంగి రోజూ అరిస్తే గొంతు అలసిపోతుంది. మాస్టార్ల భయంలో అంతవరకు నిజముంది.

అసలు చిక్కు శ్రుతి దగ్గర. మగవాళ్ళు ఒకటి శ్రుతికి, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నరకు అలవాటుపడి ఉంటారు. మధ్యేమార్గంగా మూడు పెడితే మగవాళ్ళకు తారస్థాయి అందదు, ఆడవాళ్ళకు మంద్రం ఆనదు. నాలుగు వరుసలుగా విడదీయడం ఆపెరా చూపిన దారి. కానీ హార్మొనీ రానిదే కోరస్ లేదనుకోనక్కర్లేదు. 1842 నాటి వెర్డి ‘నబుక్కో’లో ప్రసిద్ధమైన బందీల కోరస్ చాలాభాగం ఒకే వరుస, ఆడవాళ్ళు ఒక స్థాయి పైన పాడతారంతే. తోడు వాద్యం లేని పాశ్చాత్య బృందాలు పాడుతూ పాడుతూ శ్రుతి జారిపోవడం తరచు జరిగేదే. తంబురా ముందు పెరిగిన మన విద్యార్థికి ఆ బెడద తక్కువ. గమకాల దగ్గర మాత్రం మనమే వెనకబడతాం. ఒక్కొక్కరి కంపితం ఒక్కో వేగంతో ఊగితే నలభై గొంతులు చెదురుతాయి. అందుకే గమకం దాదాపు లేకుండా, పాశ్చాత్య బాణీల్లో ముత్తుస్వామి దీక్షితులు కూర్చిన నొట్టుస్వరాలతో మొదలుపెట్టడం మేలు. అవి కుదిరాక త్యాగరాజు ‘నౌకాచరిత్రము’ ఎత్తుకోవచ్చు. గోపికలు గుంపుగా పడవెక్కే కథ కాబట్టి అందులో కోరస్‌కు చోటు కథలోనే ఉంది.