బ్రిడ్జి బిల్లులో ఆన్‌లే: ఏ కోడు, ఏ కాగితం

వైద్య సహాయం అనగానే దాతలకు గుండె ఆపరేషను, డయాలసిస్, ప్రసవం గుర్తుకొస్తాయి. పన్ను గుర్తుకు రాదు. కాని దవడ పన్ను పోయిన మనిషి ఒక పక్కనే నములుతూ ఏళ్లు గడుపుతాడు. ఖాళీ పక్కనున్న పన్ను ఒరుగుతుంది, పైపన్ను కిందికి దిగుతుంది. ఆ ఖాళీని పూడ్చే బ్రిడ్జి ఖర్చు కుటుంబానికి భారమే. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు అయితే ఆ బిల్లు చదవడమే మరో భారం. బీమా ఉన్నా సగం మంది అక్కడే చిక్కుకుంటారని చెప్పుకుంటే అతిశయోక్తి అనిపించవచ్చు గాని, చిక్కు మాత్రం నిజం. అందుకే ఈ వ్యాసంలో అమెరికా పద్ధతినే తీసుకుంటున్నాను.

ముందు పని ఏమిటో చూద్దాం. మూడు యూనిట్ల బ్రిడ్జిలో మధ్యది కట్టుడు పన్ను; దాన్ని పాంటిక్ అంటారు. రెండు పక్కలా సొంత పళ్లను పట్టుకుని ఉండేవి రిటైనర్లు. సాధారణంగా ఆ పళ్లను చుట్టూ అరగదీసి క్యాప్ తొడుగుతారు. పక్క పళ్లు బాగా గట్టిగా ఉంటే, మొత్తం అరగదీయకుండా నమిలే ముఖాన్ని, ఒకటి రెండు మొనలను మాత్రమే కప్పే ఆన్‌లేతో కూడా బ్రిడ్జిని నిలబెట్టవచ్చు. దీనివల్ల సొంత పన్ను ఎక్కువ మిగులుతుంది. అందరికీ పనికిరాదు, పట్టు తక్కువ, అతుకు బాగా కుదరాలి. కనుకనే ఎక్కువమంది డాక్టర్లు క్యాప్ వైపే మొగ్గుతారు. ఆన్‌లే రిటైనర్ అరుదుగా కనబడుతుంది కాబట్టి బిల్లు రాసే గుమాస్తా కూడా తడబడతాడు.

అమెరికాలో దంత చికిత్సకు అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ప్రచురించే సి.డి.టి. కోడ్లు వాడతారు. 1996 నాటి హిపా చట్టం కింద ఎలక్ట్రానిక్ క్లెయిములకు ఇవే ప్రామాణికం. ఏటా జనవరి 1 నుంచి కొత్త సంచిక అమలులోకి వస్తుంది. పాత పుస్తకం చూసి రాస్తే క్లెయిము తిరిగి వస్తుంది.

ఇక అసలు తికమక. ఒంటి పంటికి వేసే పింగాణీ ఆన్‌లే కోడ్లు డి 2642, 2643, 2644. రెండు ముఖాలు, మూడు, నాలుగు లేక అంతకు మించి అని లెక్క. బ్రిడ్జికి రిటైనర్‌గా వేసే పింగాణీ ఆన్‌లేకు కోడ్లు వేరు: రెండు ముఖాలైతే డి 6608, మూడు లేక ఎక్కువైతే డి 6609. లోహంతో పోతపోసినవైతే ఎక్కువ విలువైన లోహానికి 6610, 6611. చౌక లోహానికి 6612, 6613. మధ్యరకానికి 6614, 6615. టైటానియంకు 6634. ఎక్కువ విలువైనది అంటే బంగారం, ప్లాటినం జాతి లోహాలు కలిపి కనీసం 60 శాతం, అందులో బంగారం 40 శాతం ఉండాలి. మధ్యరకానికి 25 శాతం చాలు. అంతకు తక్కువైతే చౌక లోహమే. ల్యాబు ఇచ్చే మిశ్రమలోహ పత్రం ఫైల్లో ఉంటేనే ఈ తేడా నిలబడుతుంది.

ఉదాహరణకు కింది ఎడమ మొదటి దవడ పన్ను లేదనుకుందాం. అమెరికా అంకెల్లో అది 19. ముందున్నది 20, వెనకున్నది 18. ఇరవైకి నమిలే ముఖం, వెనక ముఖం, అంటే రెండు ముఖాలు: డి 6608. పద్దెనిమిదికి మూడు ముఖాలు: డి 6609. పందొమ్మిదికి పింగాణీ పాంటిక్: డి 6245. ఇక్కడ రిటైనర్లకు 2642, 2643 రాస్తే బీమా కంపెనీ కంటికి అవి రెండు విడి ఆన్‌లేలు, మధ్యలో దేనికీ అతకని ఒక కట్టుడు పన్ను. తిరస్కరించడానికి అది చాలు. పొరపాటున క్యాప్ కోడు, అంటే డి 6740, రాస్తే ఇంకా ప్రమాదం. చేయని పనికి డబ్బు అడిగినట్టవుతుంది. ఏది చేశారో అదే రాయాలి, ఏది ఎక్కువ వస్తుందో అది కాదు.

అంకెల గురించి ఒక మాట. మన దేశంలో డాక్టర్లు ఎక్కువగా రెండంకెల అంతర్జాతీయ పద్ధతి వాడతారు. మన కాగితంలో 14 అంటే పై కుడి మొదటి ప్రీమోలార్. అమెరికాలో 14 అంటే పై ఎడమ మొదటి దవడ పన్ను. హైదరాబాదులోనో గుంటూరులోనో పన్ను తీయించుకుని అక్కడికి వెళ్లినవారు పాత కాగితం చూపించేటప్పుడు అంకెతో పాటు "పై, కుడి" అని మాటల్లో రాయించుకోవడం మేలు.

కాగితాలలో ముఖ్యమైనది చికిత్సకు ముందు తీసిన ఎక్స్‌రే. రెండు పక్క పళ్ల వేర్ల కొసలు, ఎముక కనబడాలి. చిగుళ్ల లోతు కొలతలు ఉండాలి. లేని పళ్లన్నీ క్లెయిము ఫారంలో గుర్తించాలి, తీసిన తేదీ చెప్పాలి. ఎందుకంటే కొన్ని పాలసీల్లో బీమా మొదలవక ముందే పోయిన పంటికి డబ్బు ఇవ్వరు. ఇది మొదటి బ్రిడ్జా, పాతదాని బదులా అన్నది కూడా రాయాలి. బదులైతే పాతది వేసిన తేదీ కావాలి. చాలా పాలసీలు అయిదు నుంచి పదేళ్లలోపు మార్పును ఒప్పుకోవు.

డాక్టరు రాసే వివరణ చిన్నదే, కాని దాని మీదే చాలా ఆధారపడుతుంది. "రోగికి బ్రిడ్జి అవసరం" అంటే ఎవరికైనా అతికించవచ్చు. "19 లేదు, 18లో పాత పూరకం కింద పుచ్చు, ముందు లోపలి మొన పగిలింది, చుట్టూ ఉన్న గోడలు గట్టివి కనుక ఆన్‌లే" అంటే అది ఒక మనిషి నోరు. ఫోటో తోడైతే ఇంకా మంచిది.

డబ్బు సంగతి. లెక్క కోసం యూనిట్‌కు 1,200 డాలర్లు అనుకుంటే మొత్తం 3,600. బీమా సగం ఇస్తానన్నా 1,800. ఏడాది గరిష్ఠ పరిమితి 1,500 అయితే అంతే వస్తుంది. మిగిలిన 2,100 ఇంటివారిదే. అందుకే పని మొదలుపెట్టే ముందే ముందస్తు అంచనా అడగాలి. అది హామీ కాదు, అయినా చేతికి ఒక కాగితం దొరుకుతుంది. మరో మెలిక: పన్ను అరగదీసిన రోజు ఒకటి, బ్రిడ్జి అతికించిన రోజు మరొకటి. చాలా కంపెనీలు అతికించిన రోజునే లెక్కలోకి తీసుకుంటాయి. మధ్యలో ఉద్యోగం మారితే పాత బీమా ఇవ్వకపోవచ్చు, కొత్తది ముందే మొదలైన పని అనవచ్చు. ఉద్యోగం మారబోయేవారు ఈ ప్రశ్న ముందే అడగాలి.

ఇక్కడ మన దగ్గర దంత వైద్యులు యూనిట్ లెక్కనే చెబుతారు, కోడ్ల గొడవ లేదు. అయినా దాతల సొమ్ముతో బిల్లు కట్టే సంస్థ ఏదైనా "పళ్ల పని, ఇంత" అన్న ఒక్క వరుస బిల్లును ఒప్పుకోకూడదని నా అభిప్రాయం. ఏ పన్ను, రిటైనర్ క్యాపా ఆన్‌లేనా, ఏ పదార్థం, ల్యాబు రసీదు, ముందూ వెనకా తీసిన ఎక్స్‌రే. ఇవి అడిగితే నిజాయితీగల డాక్టరు నొచ్చుకోడు. ఫైల్లో ఎలాగూ ఉంటాయి. రోగికీ లాభమే: రేపు ఆ బ్రిడ్జి ఊడితే, అరగదీసింది ఎంత, మిగిలింది ఎంత అని తరువాతి డాక్టరుకు చెప్పేది ఆ కాగితాలే.

క్లెయిము తిరస్కరిస్తే బీమా కంపెనీ పంపే వివరణ పత్రంలో కారణం రాసి ఉంటుంది. కోడు తప్పయితే సరిదిద్ది పంపవచ్చు. ఎక్స్‌రే లేదంటే జతచేయవచ్చు. అవసరం లేదని అంటే అప్పీలుకు గడువు ఉంటుంది; ఆ గడువు తేదీ పత్రంలోనే చూసుకుని, క్లినిక్కు ఆ వారంలోనే ఫోను చేయాలి.