బొడ్డుతాడులో చప్పుడు

మణికొండలో ఏ స్కానింగ్ సెంటర్ మెట్లెక్కినా ముందు కనిపించేది, ఇక్కడ లింగనిర్ధారణ చెయ్యబడదు అనే బోర్డు. 1994 నాటి చట్టం పెట్టించింది దాన్ని. లోపల, కడుపు మీద జెల్ రాసి ప్రోబ్ ఆనించగానే వినిపించే ఉష్షు ఉష్షు చప్పుడు కథ అంతకంటే చాలా పాతది.

1842లో ప్రాగ్ నగరంలో క్రిస్టియన్ డాప్లర్ జంట నక్షత్రాల రంగుల మీద ఒక పత్రం చదివాడు. తరంగాలు పంపే వస్తువు మనవైపు వస్తుంటే వాటి పౌనఃపున్యం పెరుగుతుంది, దూరం జరిగితే తగ్గుతుంది అన్నాడు. నక్షత్రాల విషయంలో ఆయన పొరబడ్డాడు. సూత్రం మాత్రం నిలిచింది. 1845లో బైస్ బాలో అనే డచ్చి శాస్త్రవేత్త బూరలు ఊదేవాళ్ళను రైలెక్కించి మరీ రుజువు చేశాడు. 1950లలో ఒసాకాలో షిగెయో సతోమురా అదే సూత్రాన్ని అల్ట్రాసౌండ్‌తో గుండె మీద ప్రయోగించాడు. బొడ్డుతాడు దాకా రావడానికి 1977 వరకు పట్టింది. డబ్లిన్‌లో ఫిట్జెరాల్డ్, డ్రమ్ ఆ పని చేశారు.

బొడ్డుతాడులో రక్తప్రవాహం స్కాన్ తెర మీద కొండల వరుసలా గీతై కదులుతుంది. మనం శిఖరాలు చూస్తాం, డాక్టరు లోయలు చూస్తారు. శిఖరం అంటే బిడ్డ గుండె రక్తాన్ని నెట్టిన క్షణం. లోయ అంటే ఆ గుండె సేదతీరే క్షణం. మాయ (ప్లాసెంటా) ఆరోగ్యంగా ఉంటే అప్పుడు కూడా రక్తం ముందుకు సాగుతూనే ఉంటుంది. మాయలోని సన్నని నాళాలు పూడుకుపోతే, చివర మూసుకున్న గొట్టంలో నీళ్లలా, ఆ ప్రవాహం తగ్గుతుంది, తర్వాత ఆగుతుంది, చివరికి వెనక్కి మళ్లుతుంది. వెనక్కి మళ్లిందంటే బిడ్డ ప్రాణానికే ముప్పు.

బిడ్డ మాత్రం చూస్తూ ఊరుకోదు. ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ మెదడుకు మళ్లిస్తుంది. అందుకే మెదడులోని ధమనిని కూడా కొలుస్తారు. ఎదుగుదల తగ్గిన బిడ్డను ఇంకొన్ని రోజులు కడుపులోనే ఉంచాలా, వెంటనే బయటికి తియ్యాలా అన్న లెక్క ఇక్కడే తేలుతుంది. నెలలు నిండని బిడ్డకు ఒక్కో రోజూ విలువైనదే మరి.

బీపీ ఉన్న తల్లి కడుపులోని బిడ్డకు, ఎదుగుదల తగ్గిన బిడ్డకు ఈ డాప్లర్ పరీక్ష ప్రాణం నిలిపేది. ఏ ముప్పూ లేని గర్భిణికి ఊరికే చేస్తే లాభం ఉన్నట్టు అధ్యయనాల్లో తేలలేదు. ప్యాకేజీలో ఉంది కదా అని అడిగి చేయించుకోవడం నా దృష్టిలో దండగ.

ఇంకో మాట. నిన్నటి డాప్లర్ బాగుందన్న రిపోర్టు ఇవాళ్టికి హామీ కాదు. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే తర్వాతి స్కాన్ తేదీ కోసం ఆగకండి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.